పని ఉన్నవాళ్లు కొండ ఎక్కరాదు

పార్కుల్లో 'గడ్డి తొక్కరాదు' అని బోర్డులు రాయించడంలో నాది అందె వేసిన చెయ్యి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఈ ప్రజలకు నువ్వు చేసిన సేవ ఏమిటయ్యా అని ఎవరైనా అడిగితే, నాలుగు వందల చిల్లర బోర్డులు అని తడుముకోకుండా చెప్పగలను. గడ్డి లేని పార్కుల్లో కూడా పెట్టించాను. ఒకచోట బోర్డు పాతాక దాని మొదట్లోనే నాలుగు గడ్డిపరకలు మొలిచాయి. మిగతా పార్కంతా ఎప్పటిలాగే బోడిగా ఉంది. ఇటువంటి అనుభవం ఉన్నవాణ్ణి కనుకనే, గుమ్మడికొండ మీద కొండదారుల పార్కు పెట్టాలని మా డైరెక్టరు గారికి బుద్ధి పుట్టినప్పుడు, ప్రత్యేకాధికారిగా వేయడానికి ఆయనకి నేనే కనిపించాను. నా పేరు కూర్మారావు.

డైరెక్టరు గారు అంతకు ముందే పదకొండు రోజులు విదేశాల్లో అధ్యయనయాత్ర చేసి వచ్చారు. అధ్యయనం దేని మీదో వెళ్లేటప్పుడు ఆయనకీ తెలియదు. వచ్చాక నన్ను పిలిచి చెప్పారు.

"అక్కడ ఒకే కొండ మీద మూడు రకాల దారులుంటాయి కూర్మారావ్. ఒకటి నడిచేవాళ్లకి, ఒకటి కొండసైకిళ్లకి, ఒకటి గుర్రపుస్వారీకి. దారులు కలిసినచోట సైకిలువాడు మనిషికి దారిస్తాడు, మనిషి గుర్రానికి దారిస్తాడు. అదీ నాగరికత అంటే."

"గుర్రం ఎవరికి దారిస్తుంది సార్?"

"గుర్రం ఎవరికీ ఇవ్వదు. అది ఉన్నత స్థాయి."

ఆ మాట ఆయన ఎంత గౌరవంగా అన్నారంటే, నాకు కూడా అప్పటికప్పుడు గుర్రం అంటే భయభక్తులు కలిగాయి.

కొండ సంగతి చెప్పాలి. గుమ్మడికొండకి ఇటువైపు చీపురువలస, అటువైపు గెడ్డవలస. రెంటికీ మధ్య తాతల నాటి కాలిబాట ఒకటి ఉంది. ముప్పావు గంటలో దాటేయొచ్చు. రోడ్డు పట్టుకుని కొండ చుట్టూ తిరిగి వెళ్తే పదిహేడు కిలోమీటర్లు, ఆ రోడ్డు మీద బస్సు లేదు. కాబట్టి బడికి, సంతకి, పురిటికి, చావుకి అందరూ ఆ బాట మీదే నడుస్తారు. బాట వెడల్పు రెండడుగులు.

కార్యాలయంలో గీసిన పటంలో మూడు దారులు మూడు రంగుల్లో, ఒకదానికొకటి బోలెడంత దూరంలో, కంటికింపుగా ఉన్నాయి. కొండ దగ్గరికెళ్లి చూస్తే ఒకపక్క రాయి, ఇంకోపక్క లోయ. పటం ఆమోదం పొందింది, కొండ పొందలేదు. అందుకని నేను ఉన్న రెండడుగుల బాటనే మూడు భాగాలు చేసి, తెలుపు, పసుపు, నీలం గీతలు వేయించాను. ఒక్కో దారికి ఎనిమిది అంగుళాలు వచ్చింది. మధ్య దారి గుర్రానికిచ్చాను, ఉన్నత స్థాయి కదా అని.

గుర్రాలు మా ప్రాంతంలో పెళ్లి ఊరేగింపుల్లో తప్ప కనపడవు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఆయన దగ్గర రెండు తెల్లగుర్రాలు మాట్లాడాను. ప్రారంభోత్సవం రోజున డైరెక్టరు గారు ఎక్కి కూర్చున్నారు. గుర్రం కదల్లేదు. అదిలించారు, బుజ్జగించారు, బెల్లం పెట్టారు. బెల్లం తిని నిలబడింది. గుర్రం యజమాని నా చెవి దగ్గరకొచ్చి, "బాజా ఏదండీ? బాజా లేందే అది అడుగెయ్యదు. దాని జన్మలో వట్టినే ఎప్పుడూ నడవలేదు" అన్నాడు.

మర్నాటి నుంచి నలుగురు బాజావాళ్లను నియమించాం. బాజా మోగగానే గుర్రం ఠీవిగా నడిచేది. ఇరవై అడుగులు నడిచి ఆగేది. పెళ్లివారు డాన్సు చేసే చోటు కదా అని దాని లెక్క. అక్కడెవరో ఒకరు నాలుగు చిందులేస్తే గాని మళ్లీ కదిలేది కాదు. ఆ బాధ్యత మా గేటు కాపలాదారు సింహాచలం మీద పడింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఖాకీ చొక్కా వేసుకుని గుర్రం ముందు ఇరవై అడుగులకొకసారి చిందులేస్తూ కొండ ఎక్కేవాడు. అతని డ్యూటీ చార్టులో దాన్ని 'గుర్రపు దారి నిర్వహణ' అని రాశాను.

సైకిళ్ల సంగతి ఇంకా తేలిగ్గా తేలిపోయింది. ఆదివారాలు పట్నం నుంచి కుర్రాళ్లు ఖరీదైన కొండసైకిళ్లతో వచ్చేవారు. మొదటి మలుపు దాకా తొక్కేవారు. రెండో మలుపు దాకా తోసేవారు. మూడో మలుపు దగ్గర చీపురువలస వాళ్లు ఎవరైనా ఆ సైకిలుని నెత్తిన పెట్టుకుని పైదాకా మోసేవారు. పైన ఫొటో దిగి, దిగేటప్పుడు కూడా మోయించుకునేవారు.

ఒకరోజు డైరెక్టరు గారు తనిఖీకి వచ్చి, నెత్తిన సైకిలుతో నడుస్తున్న మనిషిని చూసి నివ్వెరపోయారు. అతని వెనకే కూరగాయల సంచీతో ఒకావిడ, పాలక్యానుతో ఒకాయన, పుస్తకాలతో ఇద్దరు పిల్లలు వస్తున్నారు.

"వీళ్లంతా ఎవరు?"

"సందర్శకులు సార్."

"కాదు. వీళ్ల ముఖాల్లో పని కనిపిస్తోంది. అక్కడ నేను చూశాను కూర్మారావ్. మనుషులు ఊరికే నడుస్తారు. ఎందుకూ కాదు, ఊరికే. అది ఆత్మానందం. ఇది రవాణా. వినోద నిమిత్తం ఏర్పరచిన ప్రభుత్వ దారిని ప్రయోజన నిమిత్తం వినియోగించడం దుర్వినియోగం కిందికి వస్తుంది."

ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. వారం తిరక్కుండా దానికి నిబంధన రూపం ఇచ్చాను. పార్కు నిబంధనల్లో ఏడవది: 'వినోదం తప్ప అన్య ప్రయోజనమేదియూ లేని వ్యక్తులను మాత్రమే దారులపైకి అనుమతించవలెను.' గేటు పక్కన బోర్డు మీద మాత్రం జనానికి అర్థమయ్యేలా 'పని ఉన్నవాళ్లు కొండ ఎక్కరాదు' అని రాయించాను. అక్షరాలు బాగా కుదిరాయి. నా బోర్డుల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు. బాజావాళ్లకు పని ఉంది కదా అని సింహాచలం అనుమానం వెలిబుచ్చితే, బాజా గుర్రంలో అంతర్భాగమని వివరణ ఉత్తర్వు ఇచ్చాను.

పని ఉందో లేదో తేల్చడానికి గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టాను. పద్నాలుగు గడులు. మొదటి గడి: 'ఎక్కడికి?'

ఇక్కడ నా తెలివితక్కువతనాన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. గడప దాటిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదని తెలుగునాట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తప్పనిసరైతే 'దూరమా?' అంటాం. ఎవరైనా నోరుజారి అడిగేస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. ఒకసారి మా బావమరిది నన్ను అలా అడిగితే నేను చెప్పులు విప్పి పావుగంట కూర్చున్నాను. రైలు పోయింది. ఇప్పటికీ రైలుని ఏమీ అనను, బావమరిదినే అంటాను. అటువంటి నేను, ఒక కొండకి అడ్డంగా గేటు పెట్టి, జీతం ఇచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కడికని అడగమన్నాను. అప్పుడు నాకు అది అపశకునంగా తోచలేదు, గడిగా తోచింది.

మొదటిరోజు పొద్దున్నే వచ్చింది సన్యాసమ్మ. డైరెక్టరు గారు చూసిన కూరగాయల సంచీ ఆవిడదే. పుట్టిల్లు గెడ్డవలస, అత్తారిల్లు చీపురువలస. గెడ్డవలస బడిలో నలభై ముగ్గురు పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త పోయి ఆరేళ్లయింది, ఆ వంట తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు. నేను ఆఫీసు గది కిటికీలోంచి చూస్తున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు సింహాచలం, రిజిస్టరు తెరిచి.

సన్యాసమ్మ టక్కున ఆగిపోయింది. "అదేటి తమ్ముడూ, పొద్దుటే ఎక్కడికంతన్నావు? అసలే నాకు ఆలీసమైపోతంటేను."

వెనక్కి తిరిగి, గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చుంది. కుండలో నీళ్లు తాగింది. కాసేపాగి సంచీ ఎత్తుకుని మళ్లీ వచ్చింది.

"ఎక్కడికి?"

"నీకు మతి పోనాదేటి?"

"రూలక్కా. ఒచ్చినోలందర్నీ అడగాల. నువ్వు మల్లీ ఒచ్చినావు, మల్లీ అడిగినాను."

ఆవిడ మళ్లీ వెళ్లి కూర్చుంది. మూడోసారి కూడా అంతే జరిగింది. నాలుగోసారి అతను నోరు తెరిచేలోపే "ఎక్కడికీ నేదు, ఎక్కడికీ నేదు" అంటూ గేటు దాటేసింది. సింహాచలం నా వైపు చూశాడు. ఏడో నిబంధన ప్రకారం అదే సరైన జవాబు. రాసుకోమని సైగ చేశాను. ఆ రోజు గెడ్డవలసలో పిల్లలు రెండు గంటలకి అన్నం తిన్నారని తర్వాత తెలిసింది.

సరైన జవాబు రెండూళ్లకీ త్వరగానే పాకింది. కానీ జవాబు తెలిసినంత మాత్రాన శకునం మారదు కదా. అడిగాడంటే అడిగినట్టే. అందరూ కనీసం ఒకసారి కూర్చునేవారు. పెద్దవాళ్లు మూడుసార్లు కూర్చునేవారు. పెళ్లిచూపులకి బయల్దేరిన ఒక కుటుంబం ఆ పూటకి ఇంటికెళ్లిపోయి మర్నాడు వచ్చి, మళ్లీ అడిగించుకుని, మళ్లీ వెళ్లిపోయింది. వచ్చిన ప్రతిసారీ సింహాచలం ఒక వరస రాసేవాడు. రోజూ కొండ దాటేవాళ్లు డెబ్భై మందే. రిజిస్టరులో మాత్రం రెండు వందల అరవై మంది.

నెల తిరిగేసరికి డైరెక్టరు గారు ఫోన్ చేశారు.

"రెండొందల అరవయ్యా! ఒక్కొక్కరూ రోజుకి నాలుగేసి సార్లు వస్తున్నారా?"

"వస్తున్నారు సార్. కాసేపు బెంచీ మీద కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ వస్తున్నారు."

"దాన్నే ప్రకృతి ఒడిలో పునరుత్తేజం అంటారు. ఎక్కడికని అడిగితే ఏమంటున్నారు?"

"ఎక్కడికీ లేదంటున్నారు సార్."

"చూశావా, నెల రోజుల్లో ఎంత ఎదిగారో! ఇంకో పదకొండు బెంచీలు వేయించు."

నిజం చెప్పడానికి అది మంచి సమయం. నేను చెప్పలేదు. జిల్లా కేంద్రంలో డిప్యూటీ డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ చక్రాల కుర్చీ, ఆ గదికి ఏసీ ఉంది, కిటికీలోంచి చూస్తే ఒక్క కొండ కూడా కనపడదు. ఆ కుర్చీ మీద నాకు ఎప్పటినుంచో మనసుంది. పదకొండు బెంచీలు వేయించాను.

అంతలో రాజధాని నుంచి ఒక పరిశీలన సంఘం వస్తుందని కబురు వచ్చింది. ఉత్తమ వినోద ఉద్యానానికి పురస్కారం ఉందట. సంఘం ముందుగా ఒక ప్రశ్న పంపింది. మీ సందర్శకుల్లో చాలామంది సంచులతో, క్యాన్లతో ఫొటోల్లో కనిపిస్తున్నారు, వారికి నిజంగా ఏ ఉద్దేశమూ లేదనడానికి రుజువేమిటి అని. డైరెక్టరు గారు తల పట్టుకున్నారు. పరిష్కారం నేను చెప్పాను. ఈ పాపం ఇంకొకరి మీదికి తొయ్యను, ఆలోచన పూర్తిగా నాదే.

ప్రతి సందర్శకుడికీ 'నిష్ప్రయోజనత్వ ధ్రువపత్రం' ఇద్దామన్నాను.

"అంటే?"

"సదరు వ్యక్తికి ఎటువంటి పనీ లేదని ప్రత్యేకాధికారి ధ్రువీకరిస్తాడు సార్. ఫొటో, సంతకం, ముద్ర ఉంటాయి."

డైరెక్టరు గారు లేచి వచ్చి నా భుజం తట్టారు. ఇరవై రెండేళ్లలో నా భుజాన్ని ఒక పై అధికారి తట్టడం అదే మొదలు. నాలుగు రోజులు ఆ భుజం మీద సంచీ వేసుకోలేదు.

ధ్రువపత్రం లేకపోతే కొండ ఎక్కనివ్వరు కాబట్టి జనం ఫొటోలు పట్టుకుని వరస కట్టారు. సన్యాసమ్మ వంతు వచ్చింది. ఆవిడకి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. కాగితం తిప్పి తిప్పి చదివి, బల్ల మీద పెట్టింది.

"పని నేదని రాసినారేటి బాబూ? నాకు పనున్నాది గదా. నలబై ముగ్గురు పిల్లలకి వొండాల."

"నాకు తెలుసమ్మా. ఇది గేటు దాటడానికి మాత్రమే."

"గేటు దాటీది పనికెల్లడానికే గదా బాబూ. పనికెల్లడానికి పని నేదని రాసుకోడం ఎలగ?"

"వట్టి కాగితమమ్మా. కాగితంలో ఉన్నంత మాత్రాన నిజమైపోతుందా?"

ఒక ప్రభుత్వోద్యోగి అనవలసిన మాట కాదది. ఆవిడ నా ముఖంలోకి చూసి, "మీరు సదువుకున్నోలు, మీ మాట మీదే సేత్తన్నాను మరి" అని సంతకం చేసింది. నేను కింద నా సంతకం చేసి, ముద్ర కొట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నాకు చిన్నప్పటినుంచీ, అంటే సర్వీసులో చేరినప్పటినుంచీ, నకళ్లు పంపే అలవాటు ఉంది. ఏ కాగితం రాసినా అడుగున 'నకలు' అని పెట్టి అరడజను శాఖల పేర్లు రాసి, 'తగు సమాచారం మరియు తగు చర్య నిమిత్తం' అని ముగిస్తే గాని నాకు కాగితం పూర్తయినట్టుండదు. ఒకసారి నా సొంత సెలవు చీటీ నకలు పశుసంవర్ధక శాఖకి వెళ్లింది. కాబట్టి రెండు వందల పన్నెండు ధ్రువపత్రాలూ, ఒక్కొక్కటీ ఆరేసి శాఖలకి వెళ్లాయి. చాలా శాఖలు నా నకళ్లను విప్పకుండానే అటకెక్కించాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే పంపేవాణ్ణి. విప్పి చదివింది మండల విద్యా కార్యాలయం ఒక్కటే.

పరిశీలన సంఘం వచ్చింది, ధ్రువపత్రాలు చూసింది, బెంచీల మీద కూర్చున్న జనాన్ని చూసింది, సింహాచలం చిందు చూసి చప్పట్లు కొట్టింది. ఉద్దేశరహిత సందర్శకుల సంఖ్యలో మాకు ప్రథమ స్థానం వచ్చింది. నా పేరు డిప్యూటీ డైరెక్టరు జాబితాలో మొదటిదిగా వెళ్లిందని డైరెక్టరు గారు స్వయంగా చెప్పారు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సన్యాసమ్మ నా గదిలోకి వచ్చి, బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

'గుమ్మడికొండ ఉద్యాన ప్రత్యేకాధికారి వారి ధ్రువపత్రం ద్వారా సదరు వ్యక్తికి ఏ పనీ లేదని తేలినందున, ఆమె వంట పని చేయుచున్నట్లు ఇంతవరకు చూపిన రికార్డు సందేహాస్పదమగుచున్నది. కావున ఆమెను తక్షణమే తొలగించడమైనది.'

"నాను సెప్పినాను గదా బాబూ" అంది. తిడితే బాగుండుననిపించింది.

మండల విద్యాధికారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మర్యాదస్తుడు, టీ తెప్పించాడు.

"ఆవిడ నిజంగా వంట చేస్తోందండీ. మీరు వెళ్లి చూడొచ్చు."

"చూడొచ్చు. కానీ ఒక శాఖ రాతపూర్వకంగా ధ్రువీకరించిన అంశాన్ని ఇంకో శాఖ కళ్లతో చూసి కాదనడం పరిపాలనా సంప్రదాయం కాదు కదండీ."

"అది గేటు కోసం ఇచ్చిన కాగితమండీ!"

"తగు చర్య నిమిత్తం అని మీరే రాశారు. మేము తగు చర్య తీసుకున్నాం. నిజానికి మా కార్యాలయం ఇంత త్వరగా చర్య తీసుకోవడం ఇదే మొదటిసారి. మిమ్మల్ని చూసి స్ఫూర్తి పొందాం."

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుందని అనబోయి, ఈనిందని చెప్పింది నేనే కదా అని ఊరుకున్నాను. మీ ధ్రువపత్రాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు తెండి, ఆ క్షణమే ఆవిడ పొయ్యి వెలిగించుకోవచ్చు అన్నాడాయన. మరి ఈలోపు పిల్లలకి వంట ఎవరు చేస్తున్నారని అడిగాను. హెడ్‌మాస్టరు అటుకులు నానబెట్టి పెడుతున్నారట.

డైరెక్టరు గారికి సంగతంతా విన్నవించుకున్నాను. బెంచీల రహస్యం తప్ప అంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, నిబంధనల పుస్తకం తీశారు.

"ధ్రువపత్రం రద్దుకి ఒక్కటే మార్గం ఉంది. జారీ చేసిన అధికారి, జారీ చేసిన సమయమున తాను బుద్ధిని వినియోగించలేదని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అలా ఒక్కటి ఒప్పుకుంటే మిగతా రెండు వందల పదకొండూ, వాటితో పురస్కారమూ, దానితో నీ డిప్యూటీ డైరెక్టరు పదోన్నతీ పోతాయి. నీ మీద విచారణ కూడా వస్తుంది. ఒక వంటమనిషి కోసం అంత అవసరమా? ఆలోచించుకో."

నేను ఆలోచించుకున్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను, ఆరు రోజులు ఆలోచించుకున్నాను. ఆ ఆరు రోజులూ సన్యాసమ్మ పొద్దున్నే వేళకి గేటు దగ్గరికి వచ్చేది. ఇంట్లో కూర్చోవడం చేతకాలేదేమో. సంచీ లేదు. సింహాచలం తల దించుకుని, నిబంధన కదా, "ఎక్కడికి అక్కా?" అనేవాడు. "ఎక్కడికీ నేదు" అనేది. వెళ్లి బెంచీ మీద కూర్చునేది. మళ్లీ లేచి వచ్చేది కాదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని ఇంటికి పోయేది.

కిటికీలోంచి అది చూస్తూ ఉంటే ఒక విషయం అర్థమయింది. నేను ఇచ్చిన రెండు వందల పన్నెండు ధ్రువపత్రాల్లోనూ నిజమైనది ఒకటే ఒకటి, అది ఈవిడది. ఇచ్చినప్పుడు అబద్ధం. నేనే దాన్ని నిజం చేశాను. మా పార్కుకి వచ్చిన మొదటి అసలైన సందర్శకురాలు నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినా ఇంకో రెండు రోజులు పట్టింది, ఏసీ గది ఆశ అంత తేలిగ్గా చావదు.

ఏడో రోజు ఆవిడ రాలేదు. గెడ్డవలసలో అన్న ఇంటికి వెళ్లిపోయిందని, చింతపండు గింజ తీసే కూలికి కుదురుకుందని సింహాచలం చెప్పాడు. "మనమే గదా సార్ ఇలగ సేసినాం" అన్నాడు. అతను 'మనం' అన్నది నా మీద దయతోనే.

తెల్లకాగితం తీసుకుని రాశాను: 'సదరు ధ్రువపత్రము జారీ చేసిన సమయమున నేను బుద్ధిని వినియోగించలేదు. మిగతా ధ్రువపత్రముల విషయమున కూడా వినియోగించలేదు. బెంచీల విషయమున, గడుల విషయమున, గుర్రం విషయమున కూడా వినియోగించియుండలేదు.' ఇరవై రెండేళ్లలో నేను రాసిన కాగితాల్లో పూర్తిగా నిజమైనది అదే. దాని మీద ఆధారపడి రద్దు ఉత్తర్వు రాసి, సంతకం చేసి, ముద్ర వేశాను. చేతి అలవాటు చొప్పున కింద నకళ్లు కూడా పెట్టాను.

నకళ్లు బాగా పనిచేశాయి. రెండో రోజుకే నా సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. పురస్కారం వెనక్కిచ్చే విషయం మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.

అసలు రద్దు ఉత్తర్వు నా చేతిలోనే ఉంది. దాన్ని గెడ్డవలస పట్టుకెళ్లడానికి ఆఫీసులో ఎవరూ ముందుకు రాలేదు, నేనే బయల్దేరాను. గేటు దగ్గర సింహాచలం లేచి నిలబడ్డాడు.

"సార్, మీరు పని మీద ఎల్తన్నారు గదా" అన్నాడు ఎంతో బాధపడుతూ.

అవునన్నాను. అతను బోర్డు వైపు చూడలేదు, నేనూ చూడలేదు. అబద్ధం చెప్పి దాటొచ్చు. ఆ రోజు ఎందుకో నోరు రాలేదు. వెనక్కి తిరిగి రోడ్డు పట్టుకున్నాను. నాలుగు కిలోమీటర్లు ఒక ఇటుకల ట్రాక్టరు ఎక్కించుకుంది. మిగతాది నడిచాను. నడిచేవాళ్లకోసం ఇన్ని నిబంధనలు రాసినవాణ్ణి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాలినడకన పోవడం అదే మొదలు. మడమలు పొక్కిపోయాయి. గెడ్డవలస చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

సన్యాసమ్మ అన్నగారి అరుగు మీద చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లు తాగి, ఉత్తర్వు చేతికిచ్చాను. ధ్రువపత్రం రద్దయిందని, తిరిగి వంటకి చేరొచ్చని చెప్పాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, కాగితం అందుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. అడుగున వేలు పెట్టి ఆగింది.

"ఈ సంతకం మీదేనా బాబూ?"

"నాదే."

కాగితం మడిచి నా చేతికే ఇచ్చేసింది.

"అలాగైతే ఇంకెవరిసేతైనా ఎట్టించి తెండి బాబూ. తప్పుగా అనుకోకండి."

నేను ఏమీ అనుకోలేదు. కుంటుకుంటూ బడికి వెళ్లాను. హెడ్‌మాస్టరు వరండాలో అటుకుల బాల్చీ ముందు ఉన్నాడు, పిల్లలు పళ్లేలతో వరసగా కూర్చున్నారు. నా సంతకం పక్కన ఆయన చేత సంతకం పెట్టించి, బడి ముద్ర వేయించుకుని మళ్లీ అరుగు దగ్గరికి వచ్చాను. ఆవిడ ముద్ర చూసి, హెడ్‌మాస్టరు సంతకం చూసి, కాగితం బొడ్లో దోపుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్లింది.